పళ్లెం వెనక రెండు ముద్రలు

పాత పింగాణీ పళ్లేన్ని పోల్చుకోవాలంటే ముందు దాన్ని బోర్లించి చూడాలి. ఇందుకు పెట్రోగ్రాడ్ విప్లవకాలపు పళ్లేలు చక్కని నిదర్శనం. 1744లో జార్ వంశం నెలకొల్పిన కర్మాగారాన్ని 1918లో సోవియట్ ప్రభుత్వం జాతీయం చేసింది. గిడ్డంగిలో బొమ్మలు వేయని తెల్లపళ్లేలు మిగిలివున్నాయి. చెహోనిన్ నాయకత్వాన చిత్రకారులు వాటి మీదే విప్లవ నినాదాలు చిత్రించారు.

కనుకనే ఒకే పళ్లేనికి రెండు ముద్రలు! గాజుపూత కింద రెండవ నికొలాస్ జార్ ఆకుపచ్చ ముద్ర, పళ్లెం తయారైన సంవత్సరం. పూత మీద నీలిరంగులో సుత్తి, కొడవలి, యంత్రచక్రం, బొమ్మ వేసిన సంవత్సరం. కొన్నిటిపై జార్ ముద్రను రంగుతో కప్పివేశారు. పూత మీది రంగు వేలికి కాస్త ఎత్తుగా తగులుతుంది; వాడకంలో అరుగుతుంది. బొమ్మ వేసిన సంవత్సరం కన్న పళ్లెం సంవత్సరం తరవాతిదైతే అది నకిలీ అని వేరే చెప్పనక్కరలేదు.

ఇక విలువ మాట. 1921లో అదమోవిచ్ లెనిన్ చిత్రంతో పాటు, పని చేయనివాడికి తిండి లేదన్న నినాదాన్ని పళ్లెం మీదికి ఎక్కించాడు. అదే ఏడు వోల్గా తీరాన ఘోరమైన కరువు. ఇలాంటి పళ్లేలు శ్రామికుల ఇళ్లకు చేరినవి బహు తక్కువ. ప్రదర్శనలకూ, విదేశీ ద్రవ్యం కోసం పరదేశాలకూ పోయినవే ఎక్కువ. నేడు వాటిని వేలంలో కొనేది ధనవంతులే. వేలంపాటలో అరుదుదనానికి ధర పలుకుతుంది. చరిత్ర విద్యార్థి మాత్రం ఆ వైరుధ్యాన్నే విలువైనదిగా ఎంచాలి. ప్రజలకోసం పుట్టిన కళ ప్రజల చేతికి ఎందుకు అందలేదన్న ప్రశ్న మన రచనలకూ వర్తిస్తుంది.