కొచ్చిన్ యూదులు: ‘చివరి’ అనే ఒక్క మాట

2019 ఆగస్టు 30న కొచ్చిన్‌లో సారా కోహెన్ అనే పెద్దావిడ తన 96వ ఏట చనిపోయారు. 2024 ఆగస్టు 11న అదే వీధిలోని క్వీనీ హల్లెగ్వా 89 ఏళ్ళ వయసులో పోయారు. ఈ రెండు సందర్భాల్లోనూ పేపర్లలో వచ్చిన వార్తలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒక మాట మాత్రం తప్పకుండా కనిపిస్తుంది - ‘చివరి’. చివరి యూదుల్లో ఒకరు, చివరి యూదు మహిళ, చివరి తరం... పులుల లెక్క చెప్పినట్టు చెప్తారన్నమాట. నిన్నటిదాకా ఇద్దరు, ఇవాళ ఒకరు.

నాకు ఈ మాటతోనే పేచీ. అది అబద్ధమని కాదు. మట్టాంచేరి యూదుల వీధిలో పరదేశి యూదులు క్వీనీగారి తర్వాత ఒక్కరే మిగిలారు, అది నిజమే. కానీ తొంభై ఏళ్ళు బతికిన మనిషి గురించి చెప్పుకోవలసిన మొదటి సంగతి ‘ఆవిడ తర్వాత ఎంతమంది మిగిలారు’ అన్నదేనా? అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆ ఒక్క మాట వెనక చాలామంది మనుషులు, చాలా పెద్ద కథ దాక్కుని ఉన్నాయి. తెలిసినంతవరకూ రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

కేరళకి యూదులు ఎప్పుడు వచ్చారన్నదానికి వాళ్ళ కథలు వాళ్ళకున్నాయి. చేతికందే గట్టి ఆధారం మాత్రం క్రీ.శ. 1000 ప్రాంతంలోని తామ్ర శాసనం. చేర రాజు భాస్కర రవివర్మ, జోసఫ్ రబ్బాన్ అనే యూదు నాయకుడికి 72 హక్కులు ఇస్తూ రాయించినది. పల్లకీ ఎక్కే హక్కు, గొడుగు పట్టించుకునే హక్కు, పన్నుల మినహాయింపు లాంటివి. అంటే మన వైపు రాజరాజ నరేంద్రుడు, నన్నయగారు ఇంకా రాకముందే కొడుంగల్లూరులో ఒక యూదు పెద్దమనిషి పల్లకీలో తిరుగుతున్నాడు!

వీళ్ళని మలబారీ యూదులంటారు. తర్వాత 1492లో స్పెయిన్ నుంచి యూదుల్ని వెళ్ళగొట్టాక, అక్కణ్ణుంచీ ఇతర దేశాల నుంచీ కొంతమంది కొచ్చిన్ చేరారు. వాళ్ళు పరదేశి యూదులు. పేరులోనే ఉంది చూడండి. కొచ్చిన్ రాజు తన కోట పక్కనే స్థలమిస్తే 1568లో వాళ్ళు ప్రార్థనామందిరం, అంటే సినగాగ్, కట్టుకున్నారు. 1662లో పోర్చుగీసువాళ్ళు దాన్ని తగలబెట్టారు. మరుసటేడు డచ్చివాళ్ళు గెలవడంతో మళ్ళీ కట్టుకున్నారు. ఈ రెండువేల చిల్లర ఏళ్ళలో (వాళ్ళ లెక్క ప్రకారం) వాళ్ళు ఈ గడ్డ మీద చాలావరకు ఇరుగుపొరుగుతో కలిసిమెలిసే బతికారు. ఇది కేరళవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే.

మరి అంత బాగా ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు?

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. రోజూ ప్రార్థనలో జెరూసలేం పేరు తల్చుకునేవాళ్ళకి అది మామూలు వార్త కాదు. మలబారీ యూదులు ఊళ్ళకి ఊళ్ళు ప్రయాణం కట్టారు. ఇళ్ళూ, దుకాణాలూ అమ్ముకుని కూర్చున్నాక బోదకాలు జబ్బు వెంట తెస్తారేమోనని ఇజ్రాయెల్ ఆరోగ్యశాఖ కొన్నాళ్ళు అడ్డుపడింది. మొత్తానికి 1953-55 మధ్య ఎక్కువమంది వెళ్ళిపోయారు. రెండువేల పైచిలుకు మనుషులు. కొబ్బరిచెట్ల నీడలో పెరిగినవాళ్ళని తీసుకెళ్ళి నెగెవ్ ఎడారిలో నెవాటిమ్ లాంటి ఊళ్ళలో దింపారు. అక్కడ వాళ్ళు కోళ్ళు పెంచారు, పూలు పండించారు. చేందమంగళంలో పుట్టిన ఒకాయన ఎడారిలో గులాబీలు పండించి యూరప్‌కి ఎగుమతి చేసి, చివరికి మన ప్రభుత్వం చేతుల మీదుగా ప్రవాసీ భారతీయ సమ్మాన్ కూడా అందుకున్నాడు. వాళ్ళ పిల్లలు, మనవలు ఇవాళ అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. నెవాటిమ్‌లో కొచ్చిన్ యూదుల మ్యూజియమే ఉంది.

ఇప్పుడు చెప్పండి, ‘చివరి కొచ్చిన్ యూదు’ అనే మాటలో వీళ్ళందరూ ఎక్కడున్నారు? వెళ్ళిపోయినవాళ్ళు లెక్కలోకి రారనుకుందాం. కానీ ఇక్కడున్నప్పుడు కూడా వీళ్ళు లెక్కలో లేరు! అసలు బాధ అది.

పరదేశి యూదులు తమని తాము ‘తెల్ల యూదులు’ అనుకున్నారు. మలబారీలని ‘నల్ల యూదులు’ అన్నారు. పెళ్ళి సంబంధాలు లేవు, తమ సినగాగ్‌లో సభ్యత్వం ఇవ్వలేదు. ఇంకో వర్గం ఉంది - మెషుహ్రారీమ్. హిబ్రూలో ‘విడుదలైనవాళ్ళు’ అని అర్థం. ఒకప్పటి బానిసల సంతతి అని ముద్ర వేశారు. వీళ్ళు పరదేశి సినగాగ్‌కే వచ్చేవాళ్ళు, కానీ అందరితో పాటు బల్లల మీద కూర్చోకూడదు, గ్రంథం చదవడానికి పిలుపు రాదు. ఎక్కడెక్కడి నుంచో తరిమితే వచ్చినవాళ్ళు మన దేశంలో స్థిరపడి నేర్చుకున్న మొదటి పాఠం ఏంటయ్యా అంటే, కులం. దీనికి వాళ్ళనొక్కళ్ళనే తిట్టే అర్హత మనకుందని నేననుకోను.

దీని మీద తిరగబడింది ఎ.బి. సేలం (1882-1967). మెషుహ్రారీమ్ వర్గంలో పుట్టి, లా చదివి, కొచ్చిన్ శాసనసభలో సభ్యుడై, 1929 లాహోర్ కాంగ్రెస్‌కి కూడా వెళ్ళొచ్చిన మనిషి. గాంధీగారి సత్యాగ్రహాన్ని తెచ్చి తన సొంత సినగాగ్‌ మీదే ప్రయోగించాడు. జనం ఆయన్ని ‘యూదు గాంధీ’ అన్నారు. ఏళ్ళ తరబడి పట్టుబడితే ఒక్కొక్క అడ్డూ తొలగింది. 1950లో ఆయన కొడుకు పరదేశి కుటుంబం అమ్మాయిని చేసుకున్నాడు. పెళ్ళి కొచ్చిన్‌లో కుదర్లేదు, బొంబాయిలో జరిగింది. కొత్త జంట తిరిగొచ్చి సినగాగ్‌లో అడుగుపెడితే ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయారట. ఇవాళ ఆ వీధిలో ఒక రోడ్డుకి సేలం పేరుంది. టూరిస్టులు దాని మీదుగానే మసాలాలు, పాతసామాన్లు కొనుక్కుంటూ నడుస్తారు.

అదే వర్గంలో పుట్టిన రూబీ డేనియల్ (1912-2002) ఇంకో గట్టి మనిషి. కోర్టుల్లో గుమాస్తా ఉద్యోగం, రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళం మహిళా విభాగంలో పని, 1951లో ఇజ్రాయెల్ ప్రయాణం. పెద్ద వయసులో బార్బరా జాన్సన్ అనే పరిశోధకురాలితో కలిసి 1995లో ‘రూబీ ఆఫ్ కొచ్చిన్’ అనే పుస్తకం తెచ్చింది. నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పిన కథలు, పండగలు, వంటలు, వాటితోపాటు తనవాళ్ళని ఎలా దూరం పెట్టారో కూడా అందులో ఉంది. యూదు స్త్రీలు పెళ్ళిళ్ళలో మలయాళంలో పాడుకునే పాటల్ని ఇంగ్లీషులోకి మార్చింది కూడా ఈవిడే. పేపర్లో ‘చివరి’ అని పడటానికి ఈవిడకి అర్హత లేదు, ఎందుకంటే పోయింది ఇజ్రాయెల్‌లో కదా!

సరే, మళ్ళీ సారాగారి దగ్గరికొద్దాం. యూదుల వీధిలో ఆవిడకో చిన్న ఎంబ్రాయిడరీ దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. యూదు మగవాళ్ళు తలమీద పెట్టుకునే చిన్న టోపీలు, శుక్రవారం రాత్రి రొట్టె మీద కప్పే గుడ్డలు చేత్తో కుట్టి అమ్మేవారు. భర్త జేకబ్ కోహెన్ 1999లో పోయారు. పిల్లల్లేరు. అప్పట్నుంచి ఇరవయ్యేళ్ళు ఆవిడని చూసుకున్నది తాహా ఇబ్రహీం అనే ముస్లిం. కుర్రతనంలో ఆ వీధిలో టూరిస్టులకి పోస్టుకార్డులు అమ్ముకునేవాడు. సరుకు పెట్టుకోడానికి చోటు లేకపోతే కోహెన్ దంపతులు వాళ్ళింట్లో పెట్టుకోమన్నారు. అలా మొదలైన పరిచయం. జేకబ్ పోతూపోతూ సారాని చూసుకోమని అప్పగించింది ఇతనికే. యూదు టోపీ కుట్టడం సారా దగ్గర నేర్చుకున్నాడు, ఆవిడ పోయాక ఆ దుకాణాన్నీ, ఆవిడ వస్తువుల్నీ కాపాడుతూ వచ్చాడు. జెరూసలేం పేరు చెప్తే ప్రపంచమంతా రెండుగా చీలిపోయే రోజుల్లో, ఒక ముస్లిం కుట్టిన టోపీ పెట్టుకుని యూదు యాత్రికుడు ప్రార్థన చేసుకున్నాడు. దీన్ని మతసామరస్యం అని పెద్ద పేరు పెట్టి పాడుచేయడం నాకిష్టం లేదు. అన్నం పెట్టిన ఇంటావిడని ముసలితనంలో చూసుకున్నాడు, అంతే.

క్వీనీగారిది వేరే జీవితం. తండ్రి ఎస్.ఎస్. కోడర్ కొచ్చిన్‌కి కరెంటు, ఫెర్రీ పడవలు నడిపిన వ్యాపారి. ఫోర్ట్ కొచ్చిన్‌లో కోడర్ హౌస్ అనే ఎర్రటి భవనం వాళ్ళదే. భర్త శామ్యూల్ హల్లెగ్వా సినగాగ్ వార్డెన్‌గా ఉండి 2009లో పోయారు. తర్వాత 2012 నుంచి 2018 వరకు క్వీనీగారే ఆ బాధ్యత చూశారు. సినగాగ్‌లో పై అంతస్తులో విడిగా కూర్చోవలసిన ఆడవాళ్ళలో ఒకావిడ, ఆఖరికి ఆ సినగాగ్ తాళాలే తన చేతిలో పెట్టుకుని నడిపించారన్నమాట. పిల్లలిద్దరూ అమెరికాలో స్థిరపడ్డారు. ఆవిడ మాత్రం ఆ వీధి వదల్లేదు.

ఆ మధ్య ఆఫీసు వాళ్ళతో కలిసి కొచ్చిన్ వెళ్ళినప్పుడు ఆ సినగాగ్ చూశాను. మన గుళ్ళోలాగే చెప్పులు బయట వదలాలి. ఇది కేరళ యూదుల ప్రత్యేకతట. కింద చైనా నుంచి తెప్పించిన నీలం బొమ్మల పలకలు, చల్లగా ఉంటాయి పాదాలకి. మా గుంపులో ఒకడు గైడుని అడిగిన మొదటి ప్రశ్న, “ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?” క్రికెట్ స్కోరు అడిగినట్టు. గైడు కూడా అలవాటైన జవాబు చెప్పేశాడు. ఆ తర్వాత ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

ఆ లెక్కకి ఒక అసలైన అర్థం కూడా ఉంది, అది మాత్రం చెప్పాలి. యూదుల సామూహిక ప్రార్థనకి కనీసం పదిమంది వయసొచ్చిన మగవాళ్ళుండాలి. దాన్ని ‘మిన్యాన్’ అంటారు. మన భాషలో చెప్పాలంటే కోరం. క్లస్టర్‌లో సరిపడా నోడ్లు లేకపోతే సర్వర్ ఆన్‌లోనే ఉన్నా రైట్ ఒప్పుకోదు చూడండి, అలాగన్నమాట. చనిపోయినవాళ్ళ కోసం చెప్పే ‘కద్దీష్’ ప్రార్థనకి కూడా ఆ పదిమంది కావాలి. మనకి తద్దినం తిథిని బట్టి వచ్చినట్టే వాళ్ళకీ ప్రతి ఏడూ హిబ్రూ తేదీని బట్టి పోయినరోజు వస్తుంది. దీపం ఇంట్లో ఒక్కళ్ళే పెట్టుకోవచ్చు, కద్దీష్‌కి మాత్రం పదిమంది రావాలి. పరదేశి సినగాగ్‌లో జనం తగ్గాక ఎర్నాకుళం వైపు మిగిలిన మలబారీలూ, విదేశీ యాత్రికులూ వస్తే తప్ప పది నిండేది కాదు. ఒకప్పుడు లోపల లెక్కలోకి రానివాళ్ళే కోరం నింపవలసి వచ్చింది! చరిత్ర ఇలాంటి లెక్కలు చాలా శ్రద్ధగా సరిచేస్తుంది, కాకపోతే బాగా ఆలస్యంగా.

మరి పదిమంది లేనిచోట పోయినవాళ్ళని ఎవరు తల్చుకుంటారు? కొచ్చిన్‌లో దీనికి ఒక పాత జవాబుంది. 1615లో పోయిన నెహెమియా మోటా అనే కవి సమాధి మట్టాంచేరిలో ఇళ్ళ మధ్యలో ఉంది. చుట్టూ ఉన్న శ్మశానం పోయినా అదొక్కటీ నిలిచింది, ఎందుకంటే ఇరుగుపొరుగు హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తూ వచ్చారు. యూదు స్త్రీల మలయాళం పాటల్ని సేకరించి 2005లో హిబ్రూ అనువాదంతో పుస్తకంగా తెచ్చినవాళ్ళలో ఒకరు, 2022లో కన్నుమూసిన స్కరియా జకరియా అనే మలయాళం ప్రొఫెసర్, ఆయన క్రైస్తవుడు. పారూరు, చేందమంగళం సినగాగ్‌లని బాగుచేసి మ్యూజియంలుగా నిలబెట్టింది కేరళ ప్రభుత్వం. నా మటుకు నాకు ‘చివరి’ అనే మాట తప్పు అనిపించేది ఇందుకే. జ్ఞాపకం రక్తసంబంధం వెంట మాత్రమే నడిచేదైతే అది చివరే. ఇక్కడ అలా నడవలేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? మన ఊళ్ళలో తాళాలేసిన ఇళ్ళు ఎన్నున్నాయో ఓసారి లెక్కపెట్టండి. పిల్లలు డాలస్‌లోనో, బే ఏరియాలోనో ఉంటే, పెద్దవాళ్ళకి జ్వరమొస్తే మాత్ర తెచ్చిచ్చేది పక్కింటి అబ్బాయే. మనల్నెవరూ తరమలేదు, కొచ్చిన్ యూదుల్నీ ఎవరూ తరమలేదు. మంచి కారణాలతోనే వెళ్ళారు, మనమూ అంతే. వెళ్ళడం తప్పని నేననను, నేనూ వెళ్ళినవాణ్ణే. కానీ పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ గురించి చెప్పగలిగేది మనకంటే ఆ పక్కింటి అబ్బాయే కావచ్చు. అతని పేరు మనకి తెలిసుండటం కనీస మర్యాద.

కొచ్చిన్ వెళ్తే ఒక అరపూట మిగుల్చుకుని చేందమంగళం కూడా వెళ్ళిరండి. అక్కడి సినగాగ్ ముందు ఒక సమాధిరాయి ఉంటుంది. మన దేశంలో దొరికిన హిబ్రూ సమాధి శాసనాల్లో అన్నిటికంటే పాతది, 1269 నాటిది. దాని మీద ఉన్నది ఒక స్త్రీ పేరు - ఇజ్రాయెల్ కూతురు సారా. రాజు కాదు, వర్తక శ్రీమంతుడు కాదు. ఆ సారాకీ మన ఎంబ్రాయిడరీ సారాకీ మధ్య సరిగ్గా 750 ఏళ్ళు. ఆ రాయి మీద ‘మొదటి’ అని గానీ ‘చివరి’ అని గానీ ఎవరూ చెక్కలేదు. పేరు, ఎవరి కూతురో, తేదీ... అవి రాశారు.