సైకిల్‌పై వెళ్తున్నారా? ప్రమాదాలు ఎక్కడ జరుగుతున్నాయి.. సేఫ్ రూట్ ఎంచుకోవడం ఎలా?

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. వారిలో సుమారు 4,800 మంది సైకిల్‌పై వెళ్తున్నవారే. అంటే సగటున రోజుకు 13 మంది.

హైదరాబాద్‌లో సైకిల్ అనగానే ఇప్పుడు వీకెండ్ రైడ్లు గుర్తొస్తాయి. కానీ పేపర్ వేసేవారు, వాచ్‌మన్లు, భవన నిర్మాణ కూలీలు, స్కూలు పిల్లలు కూడా సైకిల్‌పైనే వెళ్తుంటారు. వీరిలో చాలామంది రోడ్డెక్కేది తెల్లవారుజామునో, చీకటి పడ్డాకో. ప్రమాదం ఎప్పుడు జరుగుతుందో చెప్పలేం. ఎలాంటి చోట, ఏ తీరులో జరుగుతుందో మాత్రం చాలావరకు ముందే చెప్పొచ్చు.

ప్రమాదాలు ఎలా జరుగుతాయి?

• ఎడమ మలుపు: బస్సు లేదా లారీ సైకిల్‌ను దాటి వెంటనే ఎడమకు తిరుగుతుంది. పెద్ద వాహనానికి ఎడమ పక్కన, ముందు చక్రాల దగ్గర ఉన్న మనిషి డ్రైవర్‌కు కనిపించకపోవచ్చు. ఫ్రీ లెఫ్ట్ ఉన్న జంక్షన్లలో ఈ ముప్పు ఎక్కువ.

• వెనక నుంచి ఢీకొనడం: చీకట్లో లైటు, రిఫ్లెక్టర్ లేని సైకిల్ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

• కారు డోరు: ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. తప్పించుకోబోయి సైకిల్ కుడివైపు వాహనాల మధ్యకు వెళ్లిపోతుంది.

• రాంగ్ రూట్: చుట్టూ తిరగడం ఇష్టం లేక కొందరు రోడ్డు అంచున ఎదురొస్తారు. సైకిల్ వెళ్లేదీ ఆ అంచునే.

• యూటర్న్: సిగ్నల్ తీసేసి యూటర్న్ పెట్టిన రోడ్లలో, ఎడమ అంచున ఉన్న సైకిల్ కొద్ది దూరంలోనే అన్ని లేన్లూ దాటి డివైడర్ వైపు చేరాలి. వెనక వాహనాలు మాత్రం వేగం తగ్గించవు.

వేగానికి ఎందుకంత ప్రాధాన్యం?

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 8 మీటర్లు వెళ్తుంది. అదే 60 అయితే దాదాపు 17 మీటర్లు. డ్రైవర్ బ్రేకు మీద కాలు వేసేలోపే ఆ దూరం దాటిపోతుంది. పైగా వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగు రెట్లవుతుంది. నగరం మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిలో ఎల్బీనగర్–హయత్‌నగర్, మియాపూర్–పటాన్‌చెరు వంటి చోట్ల లోకల్ ట్రాఫిక్, దూరప్రాంత లారీలు ఒకే రోడ్డు మీద వెళ్తాయి. సైకిల్‌కు ఇలాంటి రోడ్లు ప్రమాదకరం.

బ్లాక్ స్పాట్ అంటే?

జాతీయ రహదారుల్లో సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలకు దారితీసిన 5 ప్రమాదాలు జరిగినా, మొత్తం 10 మంది చనిపోయినా ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. ప్రమాద వివరాలను పోలీసులు ఐరాడ్ అనే జాతీయ డేటాబేస్‌లో లొకేషన్‌తో సహా నమోదు చేస్తారు. అయితే త్రుటిలో తప్పిన ప్రమాదాలు, పోలీసుల దాకా రాని చిన్న గాయాలు ఈ లెక్కలోకి రావు. ప్రాణాలు పోయేదాకా ఆ చోటు జాబితాకు ఎక్కకపోవచ్చు. అందుకే స్థానికులు ముందే ఫిర్యాదు చేయడం ముఖ్యం.

మరి రూట్ ఎలా ఎంచుకోవాలి?

మ్యాప్ యాప్ సాధారణంగా త్వరగా చేరే దారినే ముందు చూపిస్తుంది. సైకిల్‌కు అది సరిపోదు. ఈ నాలుగూ చూసుకోండి.

1. ఫ్లైఓవర్లు, సర్వీస్ రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసే చోట్లు తక్కువగా ఉన్నాయా?
2. మెయిన్ రోడ్డుకు సమాంతరంగా కాలనీ రోడ్డు ఉందా? ఒక కిలోమీటరు ఎక్కువైనా అదే మేలు.
3. పెద్ద రోడ్డు దాటాల్సిన చోట సిగ్నల్ ఉందా? ఉంటే అక్కడ దిగి, సైకిల్‌ను నడిపించుకుంటూ దాటండి.
4. చీకటి పడ్డాక వీధి దీపాలు వెలుగుతాయా?

పిల్లలు స్కూలుకు సైకిల్‌పై వెళ్తుంటే, మొదట ఒక సెలవు రోజు వారితో కలిసి ఆ దారిలో వెళ్లి చూడండి.

తొక్కేటప్పుడు ఆగి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు దూరం పాటించండి. జంక్షన్‌లో బస్సుకు ఎడమ పక్కన ఆగకుండా దాని వెనకే ఉండండి. వెనక ఎర్ర లైటు, తలకు హెల్మెట్ తప్పనిసరి అనుకోండి. కారు నడిపేవారు డోరును ఎడమ చేత్తో తీస్తే ఒళ్లు కుడివైపు తిరుగుతుంది. వెనక వస్తున్న సైకిల్ కనిపిస్తుంది.

ఓఆర్ఆర్ పక్కన సైకిల్ ట్రాక్ ఉంది కదా?

ఉంది. సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. వ్యాయామానికి బాగుంటుంది. కానీ ఇంటి నుంచి బడికో, పనికో వెళ్లే రోడ్లలో రక్షణ లేకపోతే, రోజూ సైకిలే ఆధారమైన వారికి దానివల్ల ఒరిగేది తక్కువ.

ప్రమాదం జరిగితే?

108 లేదా 112కు ఫోన్ చేయండి. సాయం చేసిన వ్యక్తి తన పేరు చెప్పాలని ఎవరూ ఒత్తిడి చేయకూడదు. మోటారు వాహన చట్టంలోని 134ఎ సెక్షన్ ఆ రక్షణ ఇస్తోంది. మోటారు వాహనం ఢీకొట్టి గాయపడితే, 2025లో కేంద్రం తెచ్చిన పథకం కింద నిర్దేశిత ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు లేకుండా చికిత్స పొందొచ్చు. ఢీకొట్టిన వాహనం ఆచూకీ తెలియకపోతే, మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయాలకు రూ.50 వేలు పరిహారం ఉంటుంది.

రోడ్డే లోపమైతే?

డిజైన్, నిర్మాణం, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించక మరణం లేదా వైకల్యం సంభవిస్తే, బాధ్యులైన సంస్థ, కాంట్రాక్టర్లకు రూ.లక్ష వరకు జరిమానా వేయొచ్చని 198ఎ సెక్షన్ చెబుతోంది. మీ వీధిలో మూతలేని మ్యాన్‌హోల్, వెలగని దీపం, తరచూ వాహనాలు జారే మలుపు ఉంటే ఫొటో, లొకేషన్‌తో మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు చేయండి. నంబరు దాచుకోండి. ఆ తర్వాత అక్కడ ప్రమాదం జరిగితే, అధికారులకు ముందే తెలుసని చూపడానికి ఆ నంబరే ఆధారం.