పారవేసిన వస్తువులతో పరిశుద్ధ బల్ల



ఉత్సవ సంవత్సరము వచ్చినప్పుడు దేవాలయమునకు క్రొత్త సామానులు చేయించవలెనను కోరిక మనకు సహజము. పాత బల్లలు, ప్రసంగ పీఠము, బాప్తిస్మపు తొట్టి బయటికి పోవును. వాటి చోట టేకు, గ్రానైటు వచ్చును. ఆ పని తలపెట్టుటకు ముందు, పనికిరానివని విడిచిన వస్తువులతోనే దేవాలయమును అలంకరించిన కొందరి చరిత్రను మనము తెలిసికొనుట మేలు.

స్కాట్లండునకు ఉత్తరమున ఆర్కనీ దీవులున్నవి. 1939 అక్టోబరు 14న అచ్చటి స్కాపా ఫ్లో రేవులో జర్మను జలాంతర్గామి చొరబడి, రాయల్ ఓక్ అను బ్రిటిషు యుద్ధనౌకను ముంచివేసెను. 800 మందికి పైగా నావికులు మరణించిరి. శత్రువు మరల రాకుండ దీవుల మధ్యనున్న తూర్పు మార్గములను కాంక్రీటు దిమ్మలతో మూసివేయుటకు పూనుకొనిరి. ఆ పనికి ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన ఇటలీ సైనికులను 1942లో తీసికొనివచ్చిరి. వారిలో కొన్ని వందలమంది లాంబ్ హోమ్ అను చిన్న దీవిలోని శిబిరములో ఉండిరి.

ఆ ఖైదీలు రోమను కాథలికులు. ఆరాధనకు స్థలము కావలెనని వారు కోరగా, 1943లో అధికారులు రెండు రేకుల గుడిసెలు ఇచ్చిరి. వాటిని ఒకదానితో ఒకటి చేర్చి, డొమెనికో కియోకెట్టి అను చిత్రకారుని ఆధ్వర్యమున ప్రార్థనా మందిరముగా మార్చిరి. బలిపీఠమును, దాని ముందరి కటకటాలను కాంక్రీటుతో పోత పోసిరి. శిథిలమైన ఓడనుండి తీసిన కలపతో బలిపీఠముపై నుంచు పరిశుద్ధ పేటికను చేసిరి. మాంసము వచ్చిన ఖాళీ డబ్బాలు దీపములాయెను. మోటారు బండి పొగగొట్టపు లోపలి భాగమునకు కాంక్రీటు పూయగా బాప్తిస్మపు తొట్టి తయారాయెను. తమను బంధించిన ముండ్ల తీగనే లోపల అమర్చి, పైన కాంక్రీటు పూసి, ఆరుబయట పరిశుద్ధ జార్జి విగ్రహమును నిలిపిరి.

యుద్ధము ముగియకముందే తోటివారు వెళ్లిపోయినను, కియోకెట్టి పని పూర్తి చేయుటకు కొంతకాలము ఆగెను. శిబిరమును తరువాత పడగొట్టిరి. మందిరమును, ఆ విగ్రహమును మాత్రము విడిచిపెట్టిరి. ఒకప్పుడు శత్రువులైన ఆ దీవులవారే వాటిని కాపాడుకొనిరి. 1960లో కియోకెట్టిని మరల పిలిపించగా, అతడు వచ్చి వెలిసిన చిత్రములను బాగుచేసెను. ఆ మందిరము నేటికిని నిలిచియున్నది.

క్రొత్త సామాను తప్పని మనము చెప్పము. పాత కలపలో పవిత్రత ఉన్నదనియు చెప్పము. అయితే ఆ ఖైదీలకు కొనుటకు సొమ్ము లేదు గనుక తమ చేతిపనిని అర్పించిరి. మన సంఘములలోను వడ్రంగులు, కమ్మరులు, తాపీ మేస్త్రీలు ఉన్నారు. వారిలో అనేకులు కానుక పళ్లెములో వేయగలిగినది స్వల్పము. ఆ కారణముచేత దాతల పలకపై వారి పేరు ఎన్నడును ఎక్కదు. పెద్దల పాత బల్లలను తూకమునకు అమ్మక ముందు, వాటితో ఏమి చేయవచ్చునో వారిని పిలిచి అడుగుదము. దేవుని యింటిలో వారి చేతులకు కూడ చోటు ఉండవలెను.