పాత విత్తనాలకు కాపుదారులు జహీరాబాద్ మహిళా సంఘాలు

తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దేశవాళీ విత్తనాల పరిరక్షణ బాధ్యతను మహిళలు స్వచ్ఛందంగా స్వీకరించారు. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి అనుబంధంగా గ్రామాల్లో పనిచేస్తున్న మహిళా సంఘాలు సామూహిక విత్తన నిధులను నిర్వహిస్తున్నాయి. సభ్యుల్లో అత్యధికులు దళిత సన్నకారు రైతులు. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఈ నిధిలో విత్తనానికి వెల కట్టరు. విత్తే కాలంలో విత్తనం తీసుకున్న రైతు, పంట చేతికొచ్చాక ఒకటిన్నర నుంచి రెండింతలు తిరిగి జమ చేయాలి. తెగులు సోకని మేలైన కంకులను చేనులోనే ఎంపిక చేస్తారు. గింజలను బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో నిల్వ ఉంచుతారు.

అయితే నిల్వ ఒక్కటే చాలదు. కాలం గడిచేకొద్దీ గింజకు మొలకెత్తే శక్తి తగ్గుతుంది. అందువల్ల కొర్ర, సామ, జొన్న, కంది వంటి పంటల్లోని పాత రకాలను మళ్లీ మళ్లీ సాగు చేయవలసిందే. విత్తేవారు కరవైతే ఆ రకం ఊరికి శాశ్వతంగా దూరమవుతుంది. ఈ పరిస్థితి రాకుండా, ఏటా సంక్రాంతి నుంచి సుమారు నెల రోజులపాటు విత్తనాలను ఎడ్లబండ్లపై ఊరూరా తీసుకువెళ్తూ పాత పంటల జాతర నిర్వహిస్తారు. 2008లో ప్రారంభమైన సంఘం రేడియో సైతం సాగు అనుభవాలను శ్రోతలకు చేరవేస్తోంది.

రైతులు తమ విత్తనాన్ని భద్రపరచుకోవడానికి, పంచుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా విక్రయించుకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం వీలు కల్పిస్తోంది.