నిలబడితే పెరిగే తలనొప్పి

లేచి కూర్చున్నప్పుడో నిలబడినప్పుడో కొద్ది నిమిషాల్లోనే పెరిగి, నడుం వాల్చగానే తగ్గుముఖం పట్టే తలనొప్పి ఇది. ఉత్తర తెలంగాణలో దీని గురించి అందరికంటే ముందు తెలిసి ఉండాల్సింది పెద్దాపరేషన్‌తో కాన్పయిన బాలింతలకు, వాళ్లను చూసుకునే తల్లులకు, అత్తలకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్‌లు, తెలంగాణలో 60.7, కరీంనగర్ జిల్లాలో ఏకంగా 80కి పైన. సిజేరియన్‌కు సాధారణంగా ఇచ్చేది నడుముకు వేసే మత్తుసూదే.

మెదడు, వెన్నుపాము చుట్టూ సుమారు 150 మిల్లీలీటర్ల మస్తిష్కమేరు ద్రవం ఉంటుంది. సూది గుచ్చిన చోట, ఈ ద్రవాన్ని పట్టి ఉంచే డ్యూరా అనే పొర వెంటనే పూడకపోతే ద్రవం కారిపోతుంది. నిలబడినప్పుడు మెదడుకు ఆధారం తగ్గి, దాని పైపొరలు, నరాలు కిందికి లాగబడతాయి. లోపలి రక్తనాళాలు ఉబ్బుతాయి. 1898లో జర్మనీలో వెన్నుమత్తును మొదలుపెట్టిన ఆగస్ట్ బియర్ తన మీదే ప్రయోగం చేయించుకుని ఈ నొప్పితో రోజుల తరబడి మంచం పట్టాడు. సూది లావైనకొద్దీ ముప్పు ఎక్కువ. పొరను కోయకుండా పక్కకు తప్పించే పెన్సిల్ మొన సన్నసూదులతో అది బాగా తగ్గుతుంది.

నొప్పి సాధారణంగా సూది వేసిన ఐదు రోజుల్లోపు మొదలవుతుంది. బిడ్డకు పాలివ్వడానికి లేచి కూర్చుంటే తల వెనక, నుదుట బరువుగా పోటు, మెడ పట్టేయడం, చెవుల్లో హోరు, వికారం. కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది. "నెత్తి నొస్తుంది" అని బాలింత అంటే ఇంట్లో పెద్దలు చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కడతారు. దాంతో నష్టం లేదు. కుట్లు చీము పడతాయని నీళ్లు తాగనివ్వకపోవడమే చెరుపు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: పడుకుంటే తగ్గుతుందా? తగ్గుతుందంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి చెప్పాలి. అప్పటిదాకా పక్కకు తిరిగి పడుకునే పాలివ్వవచ్చు.

చాలామందికి నీళ్లు, పారాసిటమాల్, కాఫీ, విశ్రాంతితో రెండు వారాల్లోపు తగ్గుతుంది. ఆపరేషన్ కాగానే తలగడ తీసేసి గంటల తరబడి కదలకుండా పడుకోబెడితే ఈ నొప్పి రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. తగ్గనివారికి, లేచి తిరగలేనివారికి వాళ్ల రక్తాన్నే 20 మిల్లీలీటర్ల వరకు తీసి వెన్నులో, డ్యూరా పొర వెలుపల ఎక్కించి రంధ్రాన్ని మూసే పద్ధతి ఉంది. దాన్ని మత్తు వైద్యులు చేస్తారు; 1960 నుంచి వాడుకలో ఉంది.

అసలు భయపడాల్సింది నొప్పి తీరు మారినప్పుడు. పడుకున్నా తగ్గకపోవడం, పడుకుంటేనే పెరగడం, ఫిట్స్, చూపు మసకబారడం, కాలో చెయ్యో పడిపోవడం, జ్వరం, మగత: వీటిలో ఏది కనిపించినా సూది నొప్పేలే అని ఊరుకోకూడదు. మెదడు సిరల్లో గడ్డకట్టిన రక్తం, కాన్పు తర్వాత పెరిగిన బీపీ, మెదడు పొరల కింద రక్తస్రావం, మెదడువాపు ఇలాగే బయటపడతాయి. సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు బాలింతలకు మామూలుగానే ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే మరింత పెరుగుతుంది. ఉట్నూరు, జైనూరు వంటి ఏజెన్సీ ప్రాంతాలవారు తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి చేరాలి. ఆదిలాబాద్ రిమ్స్ అలాంటిదే.

ఏ సూదీ పడకుండానే వెన్ను పొర చిరిగి ద్రవం కారడమూ ఉంది. దీన్ని 1938లో షాల్టెన్‌బ్రాండ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. ఎక్కువగా నడివయసు వారిలో వస్తుంది. మైగ్రేన్ అనో సైనస్ అనో నెలల తరబడి మందులు మింగినవాళ్లుంటారు. రంగుమందు ఎక్కించి తీసే ఎంఆర్ఐలో చాలాసార్లు పట్టుబడుతుంది.

రామగుండం, మంచిర్యాల ఎండల్లో చెమటోడ్చి పనిచేసేవారికి నిలబడగానే తల తిరిగి, మెడా భుజాలూ గుంజితే కారణం వేరే కావచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే నిలబడినప్పుడు బీపీ తగ్గుతోందని అర్థం.