ప్రాణం నిలిచాక పళ్ళ మాట



పిల్లవాడి పన్ను పుచ్చిందంటే మన ఇళ్ళలో మొట్టమొదట బోనెక్కేది తల్లి. "చాక్లెట్లు పెట్టి పాడుచేశావు, పొద్దున్నే సరిగ్గా పళ్ళు తోమించలేదు" అని అత్తగారు మొదలుకొని పక్కింటావిడ దాకా అందరూ అనేవాళ్ళే. ఆ మాటలో ఒక్కోసారి నిజం లేకపోలేదు కూడా. కాని కొందరు పిల్లల విషయంలో ఈ నింద అన్యాయం. వాళ్ళు పసితనంలో కాన్సరు వచ్చి, మందులతోను, మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనే చికిత్సతోను బతికి బయటపడ్డవాళ్ళు. వాళ్ళలో చాలామందికి పళ్ళు చిన్నవిగానో, పెళుసుగానో వస్తాయి. కొన్ని అసలు రానేరావు. ఇది తల్లి అశ్రద్ధ వల్ల వచ్చింది కాదు. ఆ సంగతి లెక్కలతో సహా తేలడానికి వైద్యలోకానికే దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

ఈ కథ మొదట్లో మన తెలుగువారొకరు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదువుకుని, 1923లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. తరవాత లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆసిడ్ మీద పనిచేయించారు. గర్భిణీ స్త్రీలకు డాక్టర్లు రాసిచ్చే ఆ మాత్ర మనకు తెలిసిందే గదా! ఒంట్లో కొత్త కణాలు పుట్టాలంటే ఈ విటమిన్ కావాలి. అచ్చం దానిలాగే ఉండి, దాని పనికి అడ్డుపడే మందుల్ని కూడా ఆ పరిశోధనశాలలోనే తయారుచేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్.

1947 చివర్లో బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ మందును రక్తపు కాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. అంతవరకు ఆ జబ్బు వచ్చిన బిడ్డకు మిగిలేది కొద్ది వారాలో, కొద్ది నెలలో. 1948 జూన్‌లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని రాశారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ మాత్రం ఇప్పటికీ ఈ పిల్లల ప్రాణాలు నిలుపుతూనే ఉంది.

నోటి బాధ కూడా ఆ మొదటి వ్యాసంలోనే ఉంది. మందు వాడిన పిల్లలకు నోరు పూసి పుళ్ళు పడ్డాయి. కారణం సులువుగానే అర్థమవుతుంది. కాన్సరు కణాలు వేగంగా పెరుగుతాయి గనుక మందు వాటిని పట్టుకుంటుంది. నోటిలోపలి పలచని పొర కూడా అంత వేగంగానూ పెరిగేదే, దాన్నీ పట్టుకుంటుంది. కలుపు కోసం చల్లిన మందు లేత మొలకనూ మాడ్చినట్టన్నమాట. మరి దవడ ఎముకలో దాగి, ఇంకా తయారవుతున్న పంటి మొగ్గల మాటేమిటి? అప్పట్లో ఆ ప్రశ్న అడిగే అవసరమే రాలేదు. పసివాళ్ళు బతికితే గదా పళ్ళు వచ్చేది!

బతికే రోజులు 1962 తరవాత వచ్చాయి. ఆ ఏడాది డానీ థామస్ అనే హాస్యనటుడి పూనికతో మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రి తెరిచారు. అప్పటికి పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం రక్తపు కాన్సరులో నూటికి నలుగురు మాత్రమే బతికేవారు. డోనాల్డ్ పింకెల్ అనే వైద్యుడు అక్కడ నాలుగైదు మందుల్ని కలిపి వాడారు. మందులు మెదడుదాకా సరిగా పోవు, జబ్బు అక్కడ దాక్కుంటుంది. అందుకని తలకు కరెంటు కూడా పెట్టారు. ఆనాటి కొలతలో అది 2,400 రాడ్లు. 1970 తరవాత చూస్తే ఆ ఆస్పత్రిలో సగం మంది పిల్లలు నిలబడ్డారు. ఎంత పెద్ద విజయం!

ఆ బిడ్డలు పెరిగి పెద్దవాళ్ళవుతుంటే కొత్త సంగతులు బయటపడ్డాయి. 1975లో డాంజియో అనే అమెరికా వైద్యుడు, జబ్బు నయం కావడమొక్కటే చాలదు అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశారు. 1984లో హ్యూస్టన్ నగరంలో నార్మన్ జాఫీ, ఆయన సహచరులు, చిన్నప్పుడు కాన్సరు వచ్చి తగ్గిన 68 మంది నోళ్ళు పరీక్షించారు. ముఖానికీ దవడలకీ కరెంటు తగిలినవాళ్ళు 45 మంది. వారిలో 37 మందికి పళ్ళలోనో దవడల్లోనో లోపాలు కనిపించాయి. 1990లో బోస్టన్‌లోనే, రక్తపు కాన్సరు నుంచి బయటపడ్డ 97 మంది పిల్లల్ని చూస్తే నూటికి 94 మందికి పళ్ళ పెరుగుదలలో తేడా ఉంది. అయిదేళ్ళలోపు జబ్బుపడ్డవాళ్ళలో అయితే ఒక్కరూ మినహాయింపు లేదు.

అయిదేళ్ళ లెక్క ఎందుకంటే, ఊడిన పాలపన్నును మనం ఇంటి కప్పు మీదికి విసిరే నాటికి, దాని చోట రావలసిన పన్ను పైభాగం దవడలో సిద్ధమైపోయి ఉంటుంది. బిడ్డ పుట్టిన నాటినుంచి ఏడెనిమిదేళ్ళదాకా ఆ పని గుట్టుచప్పుడు కాకుండా సాగుతుంది. ఆ రోజుల్లో బలమైన మందు గాని, కరెంటు గాని తగిలితే ఆ మొగ్గ దెబ్బతింటుంది. మొగ్గ పూర్తిగా పోతే పన్ను రాదు. సగంలో దెబ్బతింటే పన్ను చిన్నదవుతుంది, లేదా వేరు పొట్టిగా ఉండిపోతుంది. పంటిపై పొర, అంటే ఎనామిల్, ఒకసారి ఏర్పడ్డాక మళ్ళీ పుట్టేది కాదు గనుక ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

2009లో మరో పెద్ద లెక్క వచ్చింది. 1970, 1986 సంవత్సరాల మధ్య చికిత్స పొందిన 9,000 మందికి పైగా అడిగి, వారి సమాధానాల్ని 3,000 మంది దాకా తోబుట్టువుల సమాధానాలతో పోల్చారు. పళ్ళు చిన్నవిగా ఉండే అవకాశం జబ్బు వచ్చినవాళ్ళకి మూడు రెట్లు ఎక్కువని, నోరు ఎండిపోయే బాధ తొమ్మిది రెట్లకు పైగా ఉందని తేలింది. ఇక్కడ తోబుట్టువులతో పోల్చడం చూడండి. ఒకే వంటిల్లు, ఒకే తల్లి చేతి తిండి. తేడా మాత్రం చికిత్సలోనే ఉంది.

ఇలా తెలుసుకున్న కొద్దీ చికిత్స కూడా మారింది. మెదడుకు, ఎదుగుదలకు కలిగే హాని చూసి తలకు పెట్టే కరెంటును తగ్గిస్తూ వచ్చారు. సెయింట్ జూడ్ ఆస్పత్రివారు ముందుజాగ్రత్తగా తలకు కరెంటు పెట్టడం పూర్తిగా మానేసి కూడా నూటికి తొంభై మందికి పైగా పిల్లల్ని నిలుపుకున్నామని 2009లో ప్రకటించారు. దానివల్ల పళ్ళకూ మేలే జరిగింది.

మన దేశంలో 1980 తరవాత బొంబాయి టాటా ఆస్పత్రి, ఢిల్లీ ఎయిమ్స్, మద్రాసు అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఒకే పద్ధతి పెట్టుకుని పిల్లలకు చికిత్స మొదలుపెట్టాయి. అందులో తలకు కరెంటు కూడా ఉండేది. అలా బతికినవాళ్ళు ఇవాళ నలభైయేళ్ళవాళ్ళు. మన వీధిలోనే, మన బంధువుల్లోనే అలాంటివారు ఉండవచ్చు.

అందుచేత నాలుగు మాటలు గుర్తుంచుకుందాం. చికిత్స మొదలుకాక ముందే, వీలుంటే, బిడ్డ నోరు దంతవైద్యునికి చూపించాలి. చికిత్స సాగే రోజుల్లో మెత్తటి బ్రష్షుతో తోమడం మానకూడదు. నోరు బాగా పూసి ఉంటే ఎలా తోమాలో డాక్టరుగారిని అడగాలి. చికిత్స అయిపోయాక ఆరునెలలకోసారి పళ్ళు చూపించాలి. 2003 నుంచి అమెరికా పిల్లల కాన్సరు వైద్యులు చెబుతున్న నియమం ఇది. పన్ను రావడం ఆలస్యమైతే ఎక్స్‌రే తీయిస్తే లోపల ఉందో లేదో తెలుస్తుంది. పొట్టి వేర్లున్న పళ్ళకు వంకర సరిచేసే తీగలు కట్టించాలన్నా ముందు ఎక్స్‌రే తప్పదు. దవడకు ఎక్కువ కరెంటు తగిలినవాళ్ళకు తొందరపడి పన్ను పీకించకూడదు. ఎముక మానక పుండుపడే ప్రమాదం ఉంది. ముందుగా కాన్సరు డాక్టరుగారి సలహా తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆస్పత్రి ఫైలు. గండం గడిచింది గదా, ఆ పీడకల ఇంట్లో ఎందుకని కొందరు ఆ కాగితాలు పారేస్తారు. పారేయకండి. ఏ మందులు ఇచ్చారు, ఎక్కడ ఎంత కరెంటు పెట్టారు అన్నది ఇరవై ఏళ్ళ తరవాతైనా పళ్ళ డాక్టరుకు కావాలి. ఆడపిల్లయితే ఆ ఫైలు ఆమెతోపాటే అత్తవారింటికి వెళ్ళాలి. ఇందులో దాచుకోవలసిన సిగ్గేమీ లేదు. అలాంటి బిడ్డ పళ్ళు చూసి ఎవరైనా తల్లిని తప్పుబడితే, ఇక్కడ విన్న సంగతి మీరు నాలుగు మాటల్లో చెప్పండి. సెలవు.