గారపళ్ళు బయటపెట్టిన నీళ్ళ కథ

ఉద్యోగమునకు హైటెక్ సిటీకి వెళ్ళే మన సంఘ యౌవనస్థులు దుర్గం చెరువు చుట్టూ ఉన్న గండశిలలను ప్రతిదినము చూస్తూనే ఉంటారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచే నాటికి మాదాపూరు పరిసరములన్నీ ఇట్టి రాళ్ళగుట్టలే. ఇది గ్రానైటు రాయి. ఇట్టి రాయే ఆగ్నేయముగా నల్లగొండ జిల్లా నేల అడుగున కూడ పరచుకొని ఉన్నది. అచ్చట రాతిలోని ఫ్లోరైడు బావినీటిలో కరిగి, తరతరముల బిడ్డల పళ్ళను గారపట్టించింది. ఆ గుట్టు విప్పుటకు ఏయే సంస్థలు పాటుపడినవో జ్ఞాపకము చేయదలచితిని.

ముందు సముద్రముల కావలి మాట. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ చేరిన మెకే అనే దంతవైద్యుడు అచ్చటివారి పళ్ళపై గోధుమరంగు మరకలు చూచి, కారణము కొరకు ముప్పది ఏండ్లు వెదికాడు. తుదకు 1931లో అది నీళ్ళలోని ఫ్లోరైడు అని తేల్చినవాడు ఒక అల్యూమినియం కంపెనీ రసాయనజ్ఞుడు, చర్చిల్. దంతవైద్యుని ప్రశ్నకు జవాబు మరొకరి ప్రయోగశాలలో దొరికింది!

ఆరేండ్లకు, 1937లో, తెలుగునాటి వార్త వెలువడింది. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూటు నుండి షార్ట్, మదరాసు ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్ మొదలగువారు కలసి నెల్లూరు జిల్లా పల్లెలలో పళ్ళు గారపట్టి, వెన్ను బిగిసినవారిని గూర్చి వ్రాశారు. 1955లో సిద్దికీ నల్లగొండ రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థవారు, నల్లగొండ పడుచువారి మోకాళ్ళు వంకరపోవుటను 1973లో లోకమునకు తెలిపారు.

పళ్ళ మరకను తోముడుపుల్ల గాని, పేస్టు గాని పోగొట్టలేదు. పన్ను చిగురులోపల తయారగునప్పుడే అది ఏర్పడుతుంది. దంతవైద్యుడు పైపూత వేయగలడు. కావున మందు నీళ్ళకే వేయవలసివచ్చింది. నాగపూరులోని నీరి సంస్థ ఇంజనీర్లు నీటిలో పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, వడగట్టే విధానమును రూపొందించారు. 1975లో ప్రచురితమైన దీనికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. ఇది టాంజానియా, ఇథియోపియాల వరకు వెళ్ళింది. జబ్బుతో పేరుపడిన జిల్లా ఒక చికిత్సకు పేరిచ్చినదని నాకు కొంత గర్వము.

అయితే నిజము చెప్పుకొందము. పటిక మోతాదు నీటిని బట్టి మారుతుంది; ప్రతిదినము అడుగున చేరిన బురద తీయాలి. ఆ పని చూచే మనిషి లేనిచోట తొట్లు పాడుపడినవి. నాగపూరు, హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఒకరి ఫలితము నొకరు అందిపుచ్చుకొన్నారు గాని, ఊరిలో పటిక కలిపేవానికి జీతమిచ్చు బాధ్యత ఏ సంస్థది అన్న ప్రశ్న నిలిచిపోయింది. నా దృష్టిలో పెద్దలోటు అదే.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదినీటిని ఇంటింటికి తెచ్చుటకు పూనుకొన్నది. ఆ నీరు త్రాగి పెరిగే పసివారి పళ్ళకు ఈ మరక భయము లేదు; వారి తాతల పళ్ళు మాత్రము మారవు.

ఇక మాదాపూరు, గచ్చిబౌలి అపార్టుమెంట్లలో వేసవి వస్తే బోరునీళ్ళూ, ట్యాంకరు నీళ్ళే దిక్కు. ఆ బోర్లు దిగినది కూడ గ్రానైటులోకే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని నియమము. మీ బోరునీటిని ఎప్పుడైనా పరీక్ష చేయించారా?